పంటి నుంచి డీఎన్ఏ, 4వ పాఠం: ప్లాస్టిక్ కవరు గొడవ

ఈ వారం పన్ను పొడి చేయడం మొదలుపెట్టాలి. కానీ ముందు మీ ఫొటోల సంగతి తేల్చాలి. పోయినసారి మేక దవడ తెచ్చుకుని, రెండు పళ్లు ఊడదీసి "భద్రంగా" దాచమన్నాను. పూర్ణా మార్కెట్ దాకా వెళ్లి తెచ్చినవాళ్లూ ఉన్నారు, సంతోషం. కానీ అందరివీ జిప్ కవర్లే! లోపల నీటి చుక్కలు, పళ్ల మీద బూజు. ఎలా దాచాలో చెప్పకపోవడం నా తప్పే.

డబ్బాలో ఉప్పు కూడా చెమ్మగిల్లే ఊరు మన విశాఖ. తడి పన్నును ప్లాస్టిక్‌లో మూస్తే తేమ ఎటు పోతుంది? బాక్టీరియా, బూజు పెరిగి డీఎన్ఏని ముక్కలు చేస్తాయి. వాటి సొంత డీఎన్ఏ కూడా మన నమూనాలో కలుస్తుంది. "ఫ్రిజ్‌లో పెట్టాను కదా సార్" అన్నారొకరు. బయటికి తీసిన ప్రతిసారీ చెమ్మ పడుతుంది కదమ్మా. ఇంకొకరు ఫార్మలిన్‌లో వేశారు. అది కణజాలం ఆకారాన్ని నిలబెడుతుంది, డీఎన్ఏని మాత్రం ప్రొటీన్లకు అతికించి పాడుచేస్తుంది. పన్నును నీడలో ఆరబెట్టి కాగితం కవరులో పెట్టండి. ఎండలో వద్దు. హెయిర్ డ్రయర్ అసలే వద్దు. కవరు గమ్మును నాలుకతో తడిపారో, చివరికి దొరికేది మీ డీఎన్ఏనే!

పంటిలో డీఎన్ఏ కోసం ఏ భాగం తీసుకోవాలి అన్న పోయినసారి ప్రశ్నకు చాలామంది "ఎనామిల్" (పంటి పైపెంకు) అని రాశారు, గట్టిది కాబట్టి. ఇనప్పెట్టె గట్టిదే, అయితే నగలు ఉండేది లోపల కదా. ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే, కణాలుండవు. (ఆడా మగా తేల్చడానికి చూసే అమెలోజెనిన్ జన్యువు ఎనామిల్ ప్రొటీన్‌దే. జన్యువు మిగతా కణాల్లోనూ ఉంటుంది కాబట్టి, దాని కోసం కూడా ఎనామిల్ జోలికి పోనక్కర్లేదు.) తాజా పంటిలో సరుకు ఎక్కువగా పల్ప్‌లో, అంటే పంటి నడిమి మెత్తటి గుజ్జులో ఉంటుంది. ఏళ్లు గడిచి పల్ప్ పోయాక డెంటిన్ (పల్ప్ చుట్టూ ఉండే గట్టి పొర), వేరు మీది పొర సిమెంటం ఆదుకుంటాయి. అందుకే రూట్ కెనాల్ చేసి పల్ప్ తీసేసిన పన్నును పనికిరాదని పారేయకండి. నేనైతే ఎప్పుడూ వేరు కొసతోనే మొదలుపెడతాను.

ఇక పొడి. ముందు ఫొటో, ఎక్స్‌రే తీయాలి. మనిషి పన్నయితే, పొడి చేశాక డెంటిస్టు రికార్డుతో పోల్చడానికి పన్నే ఉండదు. పై మురికిని పలుచటి బ్లీచుతో తుడిచి, కడిగి, ఆరనివ్వాలి. ద్రవ నత్రజనిలో చల్లబరిచి నూరాలి, వేడెక్కితే డీఎన్ఏకి చేటు. తర్వాత ఈడీటీఏ అనే రసాయనం కాల్షియాన్ని లాగేస్తుంది, ప్రొటీనేజ్-కె అనే ఎంజైము 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ప్రొటీన్లను కరిగిస్తుంది. మిగతాది వచ్చేవారం.

అభ్యాసం. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన దవడలో నాలుగే పళ్లున్నాయి: పిప్పి పట్టిన జ్ఞానదంతం, రూట్ కెనాల్ చేసి తొడుగు వేసిన దవడ పన్ను, చెక్కుచెదరని ముందు పన్ను, వేరు విరిగిపోయిన చిన్న దవడ పన్ను. ఏ వరసలో తీసుకుంటారు, ఎందుకు? ఆ మనిషికి తల్లిదండ్రులు, తోబుట్టువులు లేరు. పిన్ని (అమ్మ చెల్లెలు) ఉంది, మేనత్త ఉంది. మైటోకాండ్రియా డీఎన్ఏ (కణ కేంద్రకంలో కాక, దాని బయట మైటోకాండ్రియాల్లో ఉండేది) మాత్రమే వచ్చిందనుకోండి, ఎవరి రక్తం అడుగుతారు?