నగరాన్ని తనివితీరా చూడటం ఎలా? స్కైలైన్ నుంచి వీధి మూల దాకా

కొత్త నగరానికి వెళ్లగానే చాలామంది అన్నిటికంటే ఎత్తైన భవనమెక్కి కిందికి చూస్తారు. అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది, ఊరికి గుర్తుగా నిలిచిన ఆ భవనం తప్ప. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద నిలబడి చూసే న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ ఉండదు. పైగా అంత ఎత్తు నుంచి పైకప్పులు కనబడతాయి గానీ, భవనాలు ఆకాశం మీద గీసే గీత, అంటే స్కైలైన్, కనబడదు. ఆ గీత చూడాలంటే దూరం జరగాలి. ఆ భవనాల మధ్య బతకడం ఎలా ఉంటుందో తెలియాలంటే నడవాలి. స్కైలైన్ అద్భుతంగా ఉండి వీధులు నిర్జీవంగా ఉన్న ఊళ్లున్నాయి. ఒక్క టవరూ లేకుండా రోజంతా నడవాలనిపించే ఊళ్లూ ఉన్నాయి. అందుకే రెండు చూపులూ కావాలి.

ఒక పూర్తి రోజు పెట్టుకోండి. కాలికి అలవాటైన బూట్లు, ఊరి మ్యాప్, చిన్న నోట్‌బుక్, పెన్సిల్ చాలు. బైనాక్యులర్స్ తీసుకుంటే 8 రెట్లు పెద్దదిగా చూపేవి మేలు. 10 రెట్లు దాటితే చేతి వణుకుకు బొమ్మ నిలవదు.

1. నిలబడే చోటు ఎంచుకోండి

మ్యాప్‌లో ముందు నీళ్లు ఎక్కడున్నాయో చూడండి. నది, సరస్సు, రేవు ఏదైనా సరే, దానికి అవతలి ఒడ్డున నిలబడితే ముందు అడ్డేమీ ఉండదు, గీత మొదలు నుంచి చివరి దాకా కనిపిస్తుంది. మాన్‌హట్టన్‌ను బ్రూక్లిన్ ఒడ్డు నుంచి, హాంకాంగ్ ద్వీపాన్ని సిమ్ షా సుయ్ తీరం నుంచి, షికాగోను ఆడ్లర్ ప్లానెటేరియం ఉన్న సరస్సు మొన నుంచి చూడటం ఇందుకే. నీళ్లు లేని ఊళ్లో గుట్టనో, పెద్ద మైదానాన్నో, పొడవాటి వంతెననో వెతకండి. స్కైలైన్ మొత్తానికి 1 నుంచి 3 కిలోమీటర్ల దూరం సరిపోతుంది.

ఒక్క భవనాన్ని చూడటానికి 19వ శతాబ్దపు జర్మన్ వాస్తుశిల్పి మెర్టెన్స్ చెప్పిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. భవనం ఎంత ఎత్తుందో అంతే దూరంలో నిలబడితే చూపు 45 డిగ్రీలు పైకి లేవాలి. అక్కడ చెక్కడాలు, కిటికీ చట్రాలు బాగా కనిపిస్తాయి, మొత్తం ఆకారం మాత్రం కంటికి ఆనదు. ఎత్తుకు రెండింతల దూరంలో చూపు సుమారు 27 డిగ్రీలకు దిగుతుంది, భవనం పూర్తిగా కనబడుతుంది. మూడింతల దూరంలో అది 18 డిగ్రీలవుతుంది, ఇరుగుపొరుగు భవనాలతో దాని పొత్తు తెలుస్తుంది. ఎంపైర్ స్టేట్ పైకప్పు ఎత్తు 381 మీటర్లు. అంటే దాన్ని పూర్తిగా చూడటానికి దాదాపు 760 మీటర్ల దూరం వెళ్లాలి. దాని గుమ్మం ముందు మెడ నొప్పెట్టేలా తల ఎత్తినా ఫలితం ఉండదు.

తర్వాత సూర్యుడి దిక్కు చూసుకోండి. మీరు ఊరికి తూర్పున ఉంటే పొద్దున్న ఎండ భవనాల ముఖాల మీద పడుతుంది, సాయంత్రం అవే భవనాలు నల్లటి నీడ ఆకారాలవుతాయి. పడమటి వైపున ఉంటే దీనికి తలకిందులు. రెండూ అందమే, కానీ మీకేది కావాలో ముందే తేల్చుకోవాలి. సిమ్ షా సుయ్ నుంచి చూపు దక్షిణానికి ఉంటుంది కాబట్టి చలికాలం మధ్యాహ్నం ఎండ కళ్లలో కొడుతుంది. అక్కడ పొద్దు గుంకాక చూడటమే మంచిది.

2. వేళ పట్టుకోండి

సూర్యాస్తమయానికి 45 నిమిషాల ముందే చేరుకోండి. చాలామంది సూర్యుడు మునగగానే లేచి వెళ్లిపోతారు. అసలు చూడాల్సింది ఆ తర్వాతే. సూర్యుడు దిగ్మండలానికి 4 నుంచి 6 డిగ్రీల కిందికి దిగేటప్పుడు ఆకాశం ముదురు నీలానికి తిరుగుతుంది. దాని వెలుగూ కిటికీల్లోని వెలుగూ కాసేపు సమానంగా ఉంటాయి. అప్పుడు భవనం ఆకారమూ తెలుస్తుంది, లోపలి జీవమూ తెలుస్తుంది. పూర్తిగా చీకటి పడితే మిగిలేవి దీపాలే. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు మునిగిన 20, 25 నిమిషాల్లోనే ఇది అయిపోతుంది. ఉత్తరాన ఎంత పైకి వెళితే సంధ్య అంత నిదానంగా కరుగుతుంది.

ఆఫీసు టవర్లు ఎక్కువున్న చోటికి పనిరోజున వెళ్లండి. సెలవు రోజున సగం కిటికీలు చీకటిగానే ఉంటాయి. చలికాలం ఇంకా మంచిది, ఆఫీసులు వదలకముందే పొద్దు గుంకుతుంది. వాన వెలిసిన తర్వాత గాలిలో దుమ్ము తగ్గి అంచులు పదునుగా కనిపిస్తాయి. నీళ్లలో ప్రతిబింబం కావాలంటే మాత్రం సాయంత్రం కంటే తెల్లవారుజామే నమ్మకం. గాలి పడి ఉంటుంది, పడవల అలలూ తక్కువ.

3. గీతను చదవండి

ఇక్కడ తొందరపడకండి. ముందుగా నోట్‌బుక్‌లో భవనాల పై అంచును ఒకే గీతగా, పెన్సిల్ ఎత్తకుండా గీయండి. బొమ్మ బాగా రావాలని లేదు. చేయి ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది, ఎక్కడ తేలిపోయింది అన్నదే ముఖ్యం. లేచిన ప్రతిచోటా, దిగిన ప్రతిచోటా ఏదో కారణం ఉంటుంది. చాలాసార్లు అది ఓ చట్టం.

మాన్‌హట్టన్ పాత టవర్లు మెట్లు మెట్లుగా సన్నబడుతూ పోతాయి. అది కేవలం ఆనాటి అభిరుచి కాదు. ఎక్కడ ఏది ఎలా కట్టాలో చెప్పే 1916 నాటి జోనింగ్ నిబంధన ప్రకారం గోడ వీధి వెడల్పును బట్టి కొంత ఎత్తు వరకే నిటారుగా లేవాలి, ఆపైన వెనక్కి జరగాలి, స్థలంలో నాలుగో వంతు మీద మాత్రం ఎంత ఎత్తైనా కట్టుకోవచ్చు. వీధిలోకి వెలుతురు, గాలి దిగాలన్నది ఉద్దేశం. 1930 నాటి క్రైస్లర్ భవనాన్నీ 1931 నాటి ఎంపైర్ స్టేట్‌నూ ఈ లెక్కతో చూస్తే ఆ మెట్లు ఎందుకో అర్థమవుతుంది. 1961లో నిబంధన మారింది. నేల మీద ఖాళీ ప్లాజా వదిలితే అదనపు అంతస్తులు ఇచ్చారు. ఆ తర్వాత వచ్చినవాటిలో మెట్లు లేని పెట్టెల్లాంటి టవర్లే ఎక్కువ.

వాషింగ్టన్‌లో 1910 చట్టం ఎత్తును వీధి వెడల్పుకు ముడిపెట్టింది. అందుకే అక్కడి గీత బల్లపరుపుగా సాగుతుంది, వాషింగ్టన్ మాన్యుమెంట్, క్యాపిటల్ (పార్లమెంటు భవనం) గుమ్మటం వంటివి మాత్రమే దాన్ని చీల్చుకుని లేస్తాయి. పారిస్‌లో 1973లో పూర్తయిన 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ మీద ఎంత అసంతృప్తి రేగిందంటే, 1977లో నగరం లోపల ఎత్తును 37 మీటర్లకు కట్టడి చేశారు. టవర్లు నగర సరిహద్దు దాటి లా దెఫాన్స్‌లో గుంపుకట్టాయి. లండన్‌లో లెడెన్‌హాల్ భవనం ఒక పక్కకు ఏటవాలుగా ఉండటానికి కారణం, ఫ్లీట్ స్ట్రీట్ నుంచి సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటం కనిపించే చూపుకు అది అడ్డు రాకూడదు. దారిన పోయేవాళ్ల చూపు కోసం 225 మీటర్ల భవనం పక్కకు ఒదిగింది! నగరాల మీద గౌరవం పెంచే సంగతుల్లో ఇదొకటి.

కారణం వెతికేటప్పుడు తేలిగ్గా దొరికినదాన్ని వెంటనే నమ్మకండి. మాన్‌హట్టన్‌లో రెండు టవర్ గుంపుల మధ్య గీత పల్లంగా దిగడానికి, అక్కడ గట్టి రాయి లోతుగా ఉండటమే కారణమని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఆర్థికవేత్త జేసన్ బార్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో రాయి ప్రభావం స్వల్పమేనని తేలింది. వ్యాపారం, రవాణా ఎక్కడ పోగయ్యాయో టవర్లూ అక్కడే లేచాయి.

ఎత్తు అంచనా వేయడానికి అంతస్తులు లెక్కపెట్టండి. ఆఫీసులకు అంతస్తుకు సుమారు 4 మీటర్లు, ఇళ్లకు 3 మీటర్ల పైచిలుకు వేసుకోవచ్చు. మధ్యలో కిటికీలు లేకుండా పలకల జాలీతో అడ్డపట్టీ కనిపిస్తే అది యంత్రాల అంతస్తు. మామూలు అంతస్తు కంటే ఎత్తుగా ఉండొచ్చు, లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

4. ఫొటో తీయాలంటే

ఆకాశం ముదురు నీలంగా ఉండే ఆ నీలివేళలో ట్రైపాడ్ మీద ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత) పెట్టి కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి. షట్టర్ చేత్తో నొక్కకుండా 2 సెకన్ల టైమర్ వాడండి. కెమెరాను పైకి వంచితే టవర్లు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి, కాబట్టి దాన్ని సమంగా పట్టుకుని, దూరం జరిగి, తర్వాత కింది భాగం కత్తిరించుకోండి. అద్దం వెనక నుంచి తీస్తే లెన్స్‌ను అద్దానికి ఆనించి, చుట్టూ నల్లగుడ్డ కప్పి, ఫ్లాష్ ఆపేయండి.

5. చూసిన చోటి నుంచి లోపలికి నడవండి

వీలైతే వాహనం ఎక్కకండి. దూరం నుంచి చూసిన టవర్‌ను గురిపెట్టుకుని నడుస్తుంటే అది దగ్గరి భవనాల వెనక మాయమవుతుంది, మలుపులో మళ్లీ తేలుతుంది, వీధి చివర ఒక్కసారిగా నిలువెత్తున ఎదురవుతుంది. ఈ దోబూచులాట దగ్గరుండి చూడాల్సిందే.

టవర్ పాదం దగ్గరికి వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. నిమిషానికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 72 సెకన్లు, మామూలు వేగంతో నడవండి. గంటకు 5 కిలోమీటర్ల లెక్కన అది 100 మీటర్లు. ఆ 100 మీటర్లలో ఒక పక్కన ఎన్ని తలుపులు దాటారో లెక్కపెట్టండి. డెన్మార్క్ వాస్తుశిల్పి యాన్ గేల్ కొలత ప్రకారం 15 నుంచి 20 తలుపులుంటే వీధి కళకళలాడుతుంది. అన్నేసి తలుపులుంటే ప్రతి నాలుగైదు సెకన్లకూ ఓ కొత్త సంగతి కంట పడుతుంది. రెండు మూడే ఉండి మిగతాదంతా నల్లద్దమో, పార్కింగ్ గోడో అయితే అదే 100 మీటర్లు రెట్టింపు దూరంలా తోస్తాయి. తెలియకుండానే నడక వేగం పెరుగుతుంది.

గాలినీ గమనించండి. పై అంతస్తులకు తగిలిన వేగమైన గాలి వెడల్పాటి ముఖం వెంట కిందికి జారి మూలల దగ్గర దూసుకొస్తుంది. ప్లాజాలో బెంచీలుండి ఎవరూ కూర్చోకపోతే చాలాసార్లు కారణం ఇదే. వెడల్పాటి కింది అంతస్తుల మీద టవర్‌ను వెనక్కి జరిపి కడితే, ఆ గాలి వీధికి చేరకముందే ఆ కప్పు మీద విరిగిపోతుంది.

6. నడిచే ఊరిని గుర్తుపట్టండి

తలుపుల లెక్కతో పాటు మ్యాప్‌లో బ్లాక్ పొడవు, అంటే రెండు అడ్డవీధుల మధ్య దూరం, కొలవండి. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నడిబొడ్డున బ్లాక్ సుమారు 61 మీటర్లు, బార్సిలోనాలోని ఎశాంప్ల పేటలో 113, సాల్ట్ లేక్ సిటీలో 200. బ్లాక్ చిన్నదైతే దారులు పెరుగుతాయి, వెళ్లిన వీధిలో కాకుండా మరో వీధిలో తిరిగి రావచ్చు. 200 మీటర్ల బ్లాక్‌లో ఒక మలుపు తప్పితే దానికి తగ్గ శిక్ష ఉంటుంది.

వీధికి రెండు పక్కలా ఉన్న భవనాల ఎత్తును వీధి వెడల్పుతో పోల్చండి. వెడల్పు ఎత్తుకు ఒకటి, రెండింతల మధ్య ఉంటే గదిలో ఉన్నట్టు హాయిగా ఉంటుంది. ఆరింతలైతే పక్క గోడలున్న స్పృహే పోతుంది.

రోడ్డు మలుపులు చూడండి. ఫుట్‌పాత్ మూల గుండ్రంగా విశాలంగా ఉంటే కారు వేగం తగ్గించకుండా తిరుగుతుంది, రోడ్డు దాటే దూరమూ పెరుగుతుంది. ఇంజినీర్ ఇల్దెఫోన్స్ సెర్దా 1859 ప్రణాళికలో ఎశాంప్ల బ్లాకుల మూలలన్నీ ఏటవాలుగా కోశాడు. కూడళ్లు ఎనిమిది పలకలతో విశాలంగా, చూడముచ్చటగా ఉంటాయి. కానీ తిన్నగా నడిచే మనిషి ప్రతి కూడలిలోనూ పక్కకు వెళ్లి, దాటి, మళ్లీ వెనక్కి రావాలి. పైనుంచి తీసిన ఫొటోలో ఈ ఇబ్బంది కనిపించదు.

కార్లను పక్కకు పెట్టిన ఊళ్లు ఇంకో పాఠం. కోపెన్‌హాగెన్ స్ట్రోయెట్ వీధిని 1962లో నడిచేవాళ్లకు వదిలారు. స్పెయిన్‌లోని పొంతెవేద్రా 1999 నుంచి నడిబొడ్డును కార్ల నుంచి విడిపించింది. అక్కడ కళ్లతో కాదు, చెవులతో చూడండి. ఎంత దూరం నుంచి మనిషి మాట వినబడుతోందో గమనించండి.

మొదటి అరగంట ఫోన్ మ్యాప్ ముట్టుకోకండి. ఊరి ఎత్తైన శిఖరాన్ని గుర్తు పెట్టుకుని ఇరుకు సందుల్లోంచి ప్రధాన చౌరస్తాకు చేరండి. ఇటలీలోని సియెనాలో సందులోంచి ప్రధాన చౌరస్తా పియాత్సా దెల్ కాంపోలోకి అడుగుపెడితే నేల గిన్నెలా వాలుతూ కనిపిస్తుంది. తెల్ల రాతిగీతలు ఇటుక నేలను తొమ్మిది భాగాలు చేస్తాయి. ఆ వాలు వల్లే జనం నేల మీదే కూర్చుంటారు, అందరి చూపూ సహజంగా టౌన్ హాల్ వైపు తిరుగుతుంది. అదే చోటికి టాక్సీలో వెళ్లి దిగితే ఆ ఇరుకు తర్వాతి విశాలం దక్కదు.

తర్వాత కూర్చుని, గుర్తున్నంతలో ఊరి మ్యాప్ గీయండి. అమెరికన్ నగర ప్రణాళికవేత్త కెవిన్ లించ్ చెప్పిన ఐదింటిని అందులో వెతకండి: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు. ఏది గీయలేకపోయారో ఆ భాగానికి మరోసారి నడవండి. మీ శ్రద్ధ తప్పిందో, ఆ పేటకే గుర్తుండే లక్షణం లేదో అప్పుడు తేలుతుంది.

7. అక్కడే ఉండాలనిపిస్తే

ఇంటి నుంచి 400 మీటర్ల వృత్తం, 800 మీటర్ల వృత్తం గీసుకోండి. అవి ఐదు, పది నిమిషాల నడక. అయితే వృత్తాన్ని నమ్మకండి, నడిచి చూడండి. మధ్యలో రైలు పట్టాలో, దాటలేని పెద్ద రోడ్డో ఉంటే 400 మీటర్లు కిలోమీటరవుతాయి. రోజూ అవసరమయ్యేవి, బస్సో రైలో ఎక్కే చోటు, చెట్ల నీడ ఆ హద్దులో ఉన్నాయేమో చూసుకోండి. అదే దారిలో పనిరోజు పొద్దున ఒకసారి, రాత్రి 10 గంటలకు ఒకసారి, సెలవు రోజున ఒకసారి వెళ్లండి. పగలు సందడిగా ఉండే ఆఫీసు పేట రాత్రికి ఖాళీ కావచ్చు, రాత్రి పేట తెల్లారేదాకా నిద్ర పట్టనివ్వకపోవచ్చు. ఇంటి లోపలికి వెళ్లాక కిటికీ తెరిచి ఐదు నిమిషాలు, మూసి ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. లారీలు గేరు మార్చి ఎత్తెక్కే రోడ్డుగానీ, సిగ్నల్‌గానీ దగ్గర్లో ఉంటే ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది.