చిట్టెలుకల్లో అమిలాయిడ్, టౌ సంబంధాన్ని పరీక్షించడం ఎలా

అల్జైమర్స్ మెదడులో అమిలాయిడ్ ప్రోటీన్ కణాల బయట ఫలకాలుగా, టౌ ప్రోటీన్ న్యూరాన్ల లోపల చిక్కుముళ్లుగా పేరుకుంటాయి. మొదటిది రెండోదాన్ని పెంచుతుందా అన్నదే ఇక్కడి ప్రశ్న. ముందు ఎలుక ఎంపిక. 5ఎక్స్‌ఫాడ్ (అల్జైమర్స్‌కు దారితీసే మానవ జన్యుమార్పులు పెట్టిన చిట్టెలుక) రకంలో సుమారు 2 నెలల వయసుకే అమిలాయిడ్ ఫలకాలు మొదలవుతాయి. కానీ అవి ఎంత పేరుకున్నా టౌ చిక్కుముళ్లు వాటంతట అవి రావు. అందుకే చాలామంది పీ301ఎస్ అనే మ్యుటేషన్ (జన్యుమార్పు) గల మానవ టౌ ఉన్న పీఎస్19 రకం ఎలుకలతో సంకరం చేస్తారు. చిక్కుముళ్లు వస్తాయి, నిజమే. అయితే ఆ మ్యుటేషన్ అల్జైమర్స్‌ది కాదు, ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అనే వేరే మెదడు జబ్బుది. అమిలాయిడ్ లేకున్నా ఆ టౌ గడ్డకడుతుంది. ఇక దేన్ని దేనికి ఆపాదిస్తాం?

ఇంతకంటే నమ్మదగిన దారి ఉంది. చనిపోయిన అల్జైమర్స్ రోగుల మెదడు నుంచి శుద్ధి చేసిన టౌను ఫలకాలున్న ఎలుక హిప్పోకాంపస్‌లోకి (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం), దాని పైనున్న కార్టెక్స్‌లోకి (మెదడు పైపొర) స్టీరియోటాక్సిక్ పద్ధతిలో, అంటే తలను బిగించి కొలతల ప్రకారం సూది దింపి, ఎక్కించాలి. ఒక్కోచోట 1 మైక్రోగ్రాము చాలు. ముందుగా సోనికేట్ చేయండి, అంటే ధ్వని తరంగాలతో టౌ పోగులను చిన్న ముక్కలు చేయండి. పొడవాటి పోగులు ఎలుక సొంత టౌను గడ్డకట్టించే విత్తనాలుగా సరిగా పనిచేయవు. సూదిని వెంటనే లాగితే ద్రవం అదే దారిన పైకి వచ్చేస్తుంది, కొన్ని నిమిషాలు ఆగండి.

పోలిక కోసం ఫలకాలు లేని తోబుట్టువులకు అదే టౌ, ఫలకాలున్నవాటికి ఆరోగ్యవంతుల మెదడు సారం ఎక్కించాలి.

ఎక్కించిన సుమారు 3 నెలలకు టౌ ముందుగా ఫలకాల చుట్టూ ఉబ్బిన యాక్సాన్లలో (న్యూరాన్ల పొడవాటి తీగల్లో) కనిపిస్తుంది. న్యూరాన్ దేహాల్లో చిక్కుముళ్లకు ఇంకా సమయం పడుతుంది, తొందరపడి ‘లేవు’ అని రాసేయకండి. వ్యాధి టౌను గుర్తించే ఏటీ8 యాంటీబాడీ ఎలుకదే కాబట్టి, దాన్ని చూపించడానికి వాడే సెకండరీ యాంటీబాడీ కణజాలంలోని ఎలుక సొంత ఐజీజీకీ (రక్తంలోని యాంటీబాడీలకు) అంటుకుంటుంది. బయోటిన్ (గుర్తుగా పనిచేసే చిన్న అణువు) తగిలించిన ఏటీ8 వాడితే, సెకండరీ అవసరం లేక, ఆ బెడద తప్పుతుంది. ఆడ 5ఎక్స్‌ఫాడ్‌లలో ఫలకాలు ఎక్కువ, వాటిని విడిగా లెక్కించండి.