ఇంటి నుంచి చెరువు గట్టు దాకా వైఫై: పని చేసుకుంటూ నేర్చుకునే మాటలు

“సిగ్నల్ నిండుగా చూపిస్తోందండీ, నెట్టు మాత్రం రావడం లేదు.” భీమవరం చుట్టుపక్కల చేపల చెరువులకూ రొయ్యల చెరువులకూ కెమెరాలు బిగించే నాకు పొద్దున్నే వచ్చే ఫోన్లలో చాలావాటికి మొదటి వాక్యం ఇదే. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. ఫోనులో కనిపించే గీతలు మీ ఫోనుకూ, దగ్గర్లో ఉన్న వైఫై పెట్టెకూ మధ్యనున్న గాలి సంగతి మాత్రమే చెబుతాయి. ఆ పెట్టె వెనక ఉన్న కేబులు, గట్టు మీది యాంటెన్నా, ఇంటి రౌటరు, దానికి వచ్చే ఫైబరు బాగున్నాయో లేదో వాటికి తెలియదు. అందుకే ఇంటి నుంచి చెరువుకు నెట్టు తీసుకెళ్లే దారిలో ఏ మాట ఎక్కడ తగులుతుందో ఆ వరుసలోనే చెబుతాను. అక్షరక్రమంలో బట్టీ పట్టిన పదాలు పరీక్షకు పనికొస్తాయేమో గాని, గట్టు మీద పనికిరావు.

ఉదాహరణకు ఉండి అనే ఊరి దగ్గర ఒక పల్లె అనుకుందాం. రోడ్డు పక్కన రెండంతస్తుల ఇల్లు, అక్కడికి 800 మీటర్ల దూరంలో చెరువు, గట్టు మీద మేత బస్తాలు పెట్టుకునే షెడ్డు, మధ్యలో ఒక వరుస కొబ్బరిచెట్లు.

మొదట ఇంట్లో గోడకున్న ఫైబరు పెట్టె చూడండి. దాన్ని ఓఎన్‌టీ అంటారు. అద్దపు తీగలో వచ్చే కాంతిని మామూలు నెట్‌వర్కు సంకేతంగా మార్చడం దాని పని. దాని మీద ఎల్ఓఎస్ అనే దీపం ఎర్రగా వెలిగితే, కాంతి మీ ఇంటిదాకా రావడం లేదని అర్థం. ఫైబరు తెగి ఉండాలి, లేదా ఎక్కడో మరీ వంగి ఉండాలి. మా వైపు స్తంభానికీ స్తంభానికీ మధ్య వేలాడే ఫైబరు మీద కొబ్బరిమట్ట పడటం మామూలే. అప్పుడు పెట్టెను ఆపి మళ్లీ వేయడం వృథా శ్రమ. సర్వీసు వాళ్లకు ఫోను చేసి “ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది” అని ఒక్క ముక్క చెప్పండి, రీస్టార్టు చేశారా అనే ప్రశ్న తప్పుతుంది.

ఆ పెట్టె సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అని ఒక అంకె ఉంటుంది. మైనస్ 20 డీబీఎం లాగా కనిపిస్తుంది. డీబీఎం అంటే సంకేతం బలాన్ని చెప్పే కొలత. ఇదొక్కటి బాగా పట్టుకోండి, గాలిలో కూడా ఇదే కొలత వస్తుంది. 0 డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. 3 తగ్గితే శక్తి సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతు అవుతుంది. కాబట్టి మైనస్ 60 కంటే మైనస్ 70 పది రెట్లు బలహీనం. ఇళ్లకిచ్చే సాధారణ ఫైబరులో మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి. మైనస్ 27 దాటిందంటే ఇవాళో రేపో తెగే కనెక్షనే.

ఇక డాబా ఎక్కుదాం. 800 మీటర్లకు మామూలు రౌటరు చాలదు. సిగ్నల్ బూస్టరు అని అమ్మే చిన్న ప్లగ్గు పెట్టెల జోలికి అసలు వెళ్లొద్దు, అవి వంటింటికీ పడకగదికీ మధ్య పనికొచ్చే వస్తువులు. మనకు కావలసింది బ్రిడ్జి. ఒకదానికొకటి ఎదురుగా చూసుకునే రెండు యాంటెన్నా పెట్టెలు, ఒకటి డాబా మీద, ఒకటి షెడ్డు మీద. ఇంటి వైపు దాన్ని యాక్సెస్ పాయింట్‌గా (నెట్టు పంచేదిగా), షెడ్డు వైపు దాన్ని స్టేషన్‌గా (దాన్ని అందుకునేదిగా) పెట్టాలి. రెండింటినీ ఒకే రకంగా పెట్టి ‘కలవడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

ఫ్రీక్వెన్సీ దగ్గర రెండు దారులున్నాయి: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిదాన్ని మన దేశంలో 2005 నుంచి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. రెండోదాంట్లో విశాలమైన భాగాన్ని 2018లో అలాగే వదిలారు. 2.4 ఆకుల్లోంచి కాస్త మెరుగ్గా దూరుతుంది గాని, ఊరంతా దాని మీదే ఉంటుంది. బ్రిడ్జికి నేను 5 వైపే మొగ్గుతాను.

అలా మొగ్గాక తీర్చుకోవలసిన బాకీ ఒకటుంది, దాని పేరు లైన్ ఆఫ్ సైట్. డాబా మీద నిలబడితే షెడ్డు మీది పైపు కొస కంటికి కనిపించాలి. కనిపిస్తే చాలా అంటే, చాలదు. రేడియో తరంగం దారంలా సాగదు, రెండు కొసల మధ్య దోసకాయ ఆకారంలో చోటు ఆక్రమిస్తుంది. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8 గిగాహెర్ట్జ్‌లో 800 మీటర్ల దూరానికి ఆ దోసకాయ నడిమి భాగం వ్యాసార్థం సుమారు 3.2 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే చూపు గీతకు అన్ని వైపులా రెండు మీటర్ల మేర ఖాళీ ఉండాలి. అదే 2.4లో అయితే వ్యాసార్థం 5 మీటర్లకు పెరుగుతుంది. కొబ్బరిమట్ట గీతకు తగలకపోయినా, మీటరు పక్కన ఊగుతుంటే లింకు కూడా ఊగుతుంది. గాలి లేని ఉదయం బాగుండి మధ్యాహ్నం తెగిపోయే లింకుల రహస్యం చాలాసార్లు ఇదే. ఈ దూరంలో వాన చినుకులు పెద్ద లెక్క కాదు, వానకు తడిసిన ఆకులే అసలు శత్రువులు. నీరు ఆ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. మనది బల్లపరుపు నేల కాబట్టి కొండలూ గుట్టలూ అడ్డం రావు, పైపు రెండు మీటర్లు పెంచితే చాలావరకు పని జరుగుతుంది. చెట్టు కూడా పెరుగుతుందని మాత్రం మరవకండి, పైపు కొనేటప్పుడే ఇంకో మీటరు కలుపుకోండి.

పెట్టె మీద ‘13 డీబీఐ’ అని ఉంటే అది యాంటెన్నా గెయిన్. అది కొత్తగా శక్తిని పుట్టించదు, ఉన్న శక్తిని ఒక వైపుకు మళ్లిస్తుంది. కొనే ముందే కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. పెట్టె 20 డీబీఎం పంపుతుంది, రెండు యాంటెన్నాలూ చెరో 13 కలుపుతాయి, మొత్తం 46. ఖాళీ గాలిలో 5.8 గిగాహెర్ట్జ్‌కు 800 మీటర్లలో పోయేది సుమారు 106. మిగిలింది మైనస్ 60. బిగించాక యాంటెన్నా పెట్టె సెట్టింగుల పేజీలో మైనస్ 62 కనిపిస్తే మీ పని అయిపోయినట్టే. మైనస్ 75 కనిపిస్తే మాత్రం ఆ తేడాకు కారణం వెతకాలి: గురి తప్పిందా, ఆకు అడ్డముందా, లేక ఒక పెట్టెను నిలువుగా, ఇంకోదాన్ని అడ్డంగా బిగించారా. గురి చూసేటప్పుడు పెట్టెను కొద్దికొద్దిగా తిప్పి, ప్రతిసారీ అంకె నిలకడగా ఆగేదాకా చూడండి. ఒక చోట కాస్త పెరిగి తగ్గిందని అక్కడే బోల్టు బిగించేయకండి. యాంటెన్నాకు పక్క వైపు కూడా చిన్న బలముంటుంది, అసలు శిఖరం ఇంకా ముందుండవచ్చు.

ఒక్క సిగ్నల్ చూస్తే సరిపోదు, నాయిస్ కూడా, అంటే గాలిలో ఉన్న అక్కరలేని రేడియో రొద కూడా చూడాలి. మైనస్ 60 సిగ్నల్, మైనస్ 92 నాయిస్ అయితే తేడా 32, అది సుఖమైన స్థితి. అదే నాయిస్ మైనస్ 75 అయితే తేడా 15కు పడిపోతుంది, సిగ్నల్ అంతే ఉన్నా వేగం కుంటుతుంది. అప్పుడు చానల్, అంటే ఆ ఫ్రీక్వెన్సీలో మీ లింకు వాడుకునే ముక్క మార్చండి, చానల్ వెడల్పును 80 నుంచి 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి. వెడల్పు సగమైన ప్రతిసారీ లోపలికి వచ్చే నాయిస్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. నాలుగు కెమెరాలకు 20 మెగాహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది.

యాంటెన్నాకు కరెంటూ డేటా ఒకే కేబులులో వెళ్తాయి. దీని పేరు పీఓఈ. ఇందులో 24 వోల్టుల రకం ఉంది, 48 వోల్టుల ప్రామాణిక రకం ఉంది. ఒకదాని అడాప్టరు ఇంకోదానికి పెడితే పెట్టె కాలిపోవచ్చు, అందుకే అడాప్టరు మీద పెట్టె పేరు మార్కరుతో రాసి పెట్టండి. కేబులు 100 మీటర్లు దాటకూడదు, రాగి పూత పూసిన అల్యూమినియం కాకుండా అచ్చమైన రాగి తీగ తీసుకోండి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి కనెక్టరు పిన్నులు పచ్చగా చిలుమెక్కుతాయి. పెట్టెలోకి వెళ్లే ముందు కేబులును కిందికి ఒక వంపు తిప్పితే నీరు అక్కడే కారిపోతుంది. పైపుకు ఎర్తింగు, కేబులుకు సర్జ్ ప్రొటెక్టరు (ఒక్కసారిగా దూసుకొచ్చే కరెంటును ఆపే పెట్టె) పెట్టించండి. చదును నేలలో చెరువుల మధ్య నిలబడ్డ ఇనుప పైపును పిడుగు వెతుక్కుంటూ వస్తుంది.

గాలి పని అయింది, ఇక చిరునామాల పని. మొదటి ఫోనులోని ఫిర్యాదు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

నెట్‌వర్కులోని ప్రతి పరికరానికీ ఐపీ చిరునామా ఉంటుంది, 0 నుంచి 255 లోపు నాలుగు అంకెలు. 192.168తో మొదలయ్యేవి ఇంటి లోపలి చిరునామాలు, బయటి ప్రపంచానికి చెల్లవు. ఇంటి రౌటరు 192.168.1.1 అయితే అదే గేట్‌వే, బయటికి వెళ్లే ప్రతిదీ దాని గుండానే వెళ్తుంది. పరికరాలకు చిరునామాలు పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు, దాన్నీ రౌటరే చేస్తుంది. నా పద్ధతి ఇది, చెప్పేవి చిరునామాలోని చివరి అంకెలు: ఇంటి యాంటెన్నా 2, షెడ్డు యాంటెన్నా 3, కెమెరాలు 11 నుంచి, ఇవన్నీ చేత్తో స్థిరంగా పెట్టినవి. డీహెచ్‌సీపీ 100 నుంచి 200 వరకే పంచాలి. అప్పుడు ఒకే చిరునామా ఇద్దరికి దక్కదు. ఈ పట్టికను షెడ్డు స్విచ్చిబోర్డు మూత లోపల అంటించండి, రెండేళ్ల తర్వాత వచ్చేవాడు మీకు దండం పెడతాడు.

ఇప్పుడు చాలామంది షెడ్డులో పాత రౌటరొకటి పెట్టి, కేబులును దాని వ్యాన్ పోర్టులో, అంటే బయటి నెట్టు తీగ పెట్టే రంధ్రంలో గుచ్చుతారు. అప్పుడు ఆ రౌటరు సొంతంగా మరో నెట్‌వర్కు సృష్టిస్తుంది, అక్కడి కెమెరాలు ఇంటి నుంచి కనిపించవు. లేదా కేబులును ల్యాన్ పోర్టులో (ఇంటి లోపలి పరికరాల రంధ్రంలో) పెడతారు గాని, దాని డీహెచ్‌సీపీ ఆపరు. అప్పుడు ఒకే ఇంట్లో ఇద్దరు చిరునామాలు పంచుతుంటారు. ఫోనుకు తప్పుడు గేట్‌వే దొరికితే గీతలు నిండుగా, నెట్టు సున్నాగా ఉంటుంది. షెడ్డు రౌటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మార్చండి. ఆ మోడ్ లేకపోతే దాని చిరునామాను 192.168.1.4 చేసి, డీహెచ్‌సీపీ ఆపి, కేబులును ల్యాన్ పోర్టులో గుచ్చండి.

లోపం ఎక్కడుందో పట్టుకునే పని పింగ్‌ది. అది ఒక చిరునామాకు చిన్న పలకరింపు పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వచ్చిందో చెబుతుంది. షెడ్డులో నిలబడి వరుసగా పలకరించండి. 192.168.1.3 పలకకపోతే లోపం షెడ్డులోనే, అడాప్టరూ కేబులూ చూడండి. 3 పలికి 2 పలకకపోతే గాలి లింకు తెగింది, లేదా డాబా మీది పెట్టెకు కరెంటు లేదు. 2 పలికి 1 పలకకపోతే ఇంట్లో కేబులు ఊడింది. 1 పలికి 8.8.8.8 (బయట ఉన్న గూగుల్ సర్వరు చిరునామా) పలకకపోతే తప్పు బయటిది, ఓఎన్‌టీ దీపాలు చూసి సర్వీసు వాళ్లకు చెప్పండి. 8.8.8.8 కూడా పలికి వెబ్‌సైట్ల పేర్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్ లోపం, అంటే పేరును చిరునామాగా మార్చే సర్వరు జవాబివ్వడం లేదు. అసలు చిరునామాయే దొరకక లాప్‌టాప్ 169.254తో మొదలయ్యే అంకె చూపిస్తుంటే డీహెచ్‌సీపీ మాట అక్కడిదాకా చేరలేదన్నమాట. ఈ వరుస తెలిసినవారు ఫోను చేస్తే నేను ఏ పనిముట్టు తీసుకురావాలో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

షెడ్డు వైఫైకి పెట్టే పేరును ఎస్ఎస్ఐడీ అంటారు. అది 32 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. చెరువుకు ఇష్టదైవం పేరు పూర్తిగా తెలుగులో పెట్టమన్న పెద్దాయన ఒకరు చివరికి సగం పేరుతో సరిపెట్టుకున్నారు. 2.4లో చానల్ 1, 6, 11లలో ఒకటి ఎంచుకోండి, ఆ మూడే ఒకదాని మీద ఒకటి పడవు. భద్రత దగ్గర డబ్ల్యూపీఏ2 గాని డబ్ల్యూపీఏ3 గాని పెట్టండి, ఇవి వైఫైకి తాళం వేసే పద్ధతుల పేర్లు. పాస్‌వర్డు 8 నుంచి 63 అక్షరాలు ఉండవచ్చు. సెల్ నంబరు మాత్రం పెట్టకండి, అది మేత లారీ డ్రైవరుకు కూడా తెలుసు.

వేగం లెక్కలో మెగాబిట్లు వేరు, మెగాబైట్లు వేరు: 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 మెగాబిట్లు, అంటే 5 మెగాబైట్లు. కెమెరాలకు ముఖ్యమైంది అప్‌లోడ్, అంటే ఇంటి నుంచి బయటికి పంపే వేగం. ఒక్కో కెమెరా సుమారు 2 ఎంబీపీఎస్ తీసుకుంటే నాలుగింటికి 8, అదీ రాత్రింబగళ్లు.

హైదరాబాదులో ఉన్న అబ్బాయి ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే చక్రాలు) తిరుగుతున్నాయో లేదో చూడాలంటే చివరి చిక్కు ఒకటి ఎదురవుతుంది. రౌటరు వ్యాన్ పేజీలో చిరునామా 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. అంటే ఒకే బయటి చిరునామాను కంపెనీ చాలామందికి కలిపి ఇచ్చింది. అప్పుడు మీరు రౌటరు సెట్టింగుల్లో ఎన్ని పోర్టులు (బయటి నుంచి లోపలికి వచ్చే దారులు) తెరిచినా బయటివారు లోపలికి రాలేరు. కంపెనీని స్టాటిక్ ఐపీ, అంటే మీకే చెందిన మారని బయటి చిరునామా అడగండి, లేదా కెమెరాతో వచ్చే క్లౌడ్ యాప్ వాడండి. క్లౌడ్ యాప్ అయితే పోర్టులు తెరవనక్కర్లేదు గాని, కెమెరాతో డబ్బాలో వచ్చిన పాస్‌వర్డును మొదటిరోజే మార్చేయండి.