నల్లగొండ ఎండల్లో కారు ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్: అది పనిచేసే తీరు, వాడవలసిన పద్ధతి

మే నెల మధ్యాహ్నం బయట 44 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు నల్లగొండ బస్టాండు పరిసరాల్లో నీడ లేని చోట రెండు గంటలు నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. అలాంటి కారెక్కగానే చాలామంది ఉష్ణోగ్రతను 18కి, ఆపైన తెర మీద 'లో' (LO, అంటే అతి తక్కువ) అని కనిపించేదాకా తగ్గించి, ఫ్యాన్‌ను చివరి అంకె వరకు పెంచుతారు. నార్కట్‌పల్లి చేరేసరికి చలి పుట్టి 28కి మారుస్తారు, నకిరేకల్‌కు ముందే ఉక్కపోస్తోందని మళ్లీ 18కి దించుతారు. ఆటోమేటిక్ ఏసీ కోసం అదనంగా డబ్బు చెల్లించి, దాన్ని మామూలు ఏసీ లాగా చేత్తో తిప్పుతూ వాడుకోవడమే ఇది.

మొదట తెలుసుకోవలసింది తెర మీది అంకె అర్థం. 24 అని పెట్టినంత మాత్రాన 24 డిగ్రీల గాలి వీచదు. కారు లోపలి గాలి 24 డిగ్రీల దగ్గర నిలిచేలా చూడమని మనం యంత్రానికి అప్పగించిన పని అది. లోపల విపరీతమైన వేడి ఉన్నంతసేపు యంత్రం తన శక్తినంతా వాడి, 24 కన్నా ఎంతో చల్లని గాలినే పూర్తి వేగంతో పంపుతుంది. కాబట్టి కాగిపోయిన కారులో 18 పెట్టినా, 24 పెట్టినా తొలి నిమిషాల్లో జరిగే పనిలో తేడా ఉండదు. తేడా తర్వాత వస్తుంది: 24 పెట్టినప్పుడు అక్కడికి చేరువవుతున్నకొద్దీ ఫ్యాన్ తనంతట తానే నెమ్మదిస్తుంది, 'లో' పెట్టినప్పుడు చాలా కార్లలో ఏ లెక్కా లేకుండా గరిష్ఠ చల్లదనమే కొనసాగుతుంది.

చల్లబరిచే యంత్రాంగం మామూలు ఏసీలో ఉన్నదే. కంప్రెసర్ గ్యాస్‌ను ఒత్తిపెట్టడంతో అది వేడెక్కుతుంది, రేడియేటర్ ముందున్న కండెన్సర్ ఆ వేడిని బయటికి వదిలి గ్యాస్‌ను ద్రవంగా మారుస్తుంది, డ్యాష్‌బోర్డు వెనకనున్న కూలింగ్ కాయిల్‌లో అది మళ్లీ ఆవిరవుతూ గాలిలోని వేడిని లాగేస్తుంది. అదే పెట్టెలో ఇంజిన్ వేడినీళ్లు పారే హీటర్ కాయిల్ కూడా ఉంటుంది. రెండింటి మధ్య ఒక చిన్న మోటారుతో తిరిగే ఫ్లాప్ (తలుపులాంటి పలక), చల్లబడిన గాలిలో ఎంత భాగాన్ని హీటర్ మీదుగా పంపాలో నిర్ణయిస్తుంది. మన ఎండాకాలంలో హీటరుతో పనేమిటని అనిపించవచ్చు గానీ, చల్లని గాలికి కొలతగా వెచ్చదనం కలిపి కోరిన ఉష్ణోగ్రతను సాధించడం చాలా కార్లలో ఉన్న పద్ధతే. ఈ సర్దుబాట్లన్నీ మనిషి చెయ్యి పడకుండా చేసే ఏర్పాటు కొత్తదేమీ కాదు. అమెరికాలో క్యాడిలాక్ 1964 నాటికే దాన్ని తన కార్లలో తెచ్చింది.

ఆ ఫ్లాప్‌ను ఎంత తిప్పాలో కంట్రోల్ యూనిట్‌కు, అంటే ఏసీని నడిపే చిన్న కంప్యూటర్‌కు, చెప్పేవి సెన్సర్లు. బయటి వేడిని కొలిచేది సాధారణంగా ముందు బంపర్ వెనక ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగినప్పుడు ఇంజిన్ వేడి, రోడ్డు సెగ తగిలి అది ఎక్కువ చూపే అవకాశం ఉంది కాబట్టి, చాలా కార్లలో బండి మళ్లీ వేగం అందుకునేదాకా కొత్త అంకెను యూనిట్ వెంటనే నమ్మదు. కూలింగ్ కాయిల్ దగ్గరున్న సెన్సర్, కాయిల్ ఉష్ణోగ్రత సున్నాకు చేరువైతే మంచు గడ్డకట్టకముందే కంప్రెసర్‌ను ఆపిస్తుంది లేదా దాని పనిని తగ్గిస్తుంది. ఎండ సెన్సర్ అనేది ముందు అద్దానికి దగ్గరగా డ్యాష్‌బోర్డు మీద కనిపించే గింజంత నల్లని బుడిపె. గాలి వేడి అంతే ఉన్నా ఒంటి మీద ఎండ పడితే మనిషికి మరింత చల్లదనం కావాలి. ఆ అవసరాన్ని కనిపెట్టేది ఇదే. కాస్త చౌక కార్లలో పేరు ఆటోమేటిక్ అయినా ఈ సెన్సర్ ఉండకపోవచ్చు.

నాలుగోదైన లోపలి గాలి సెన్సర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. చాలా కార్లలో స్టీరింగ్ పక్కన రూపాయి బిళ్లంత జాలీ ఒకటి ఉంటుంది. దాని వెనక చిన్న ఫ్యానో, గొట్టమో లోపలి గాలిని నెమ్మదిగా పీల్చి సెన్సర్ మీదుగా పంపుతుంది. ఒక దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు మా ఇంట్లో వాళ్లు స్టీరింగుకు, డ్యాష్‌బోర్డుకు బొట్లు పెడుతూ ఆ జాలీ మీద కూడా నిండుగా గంధం మెత్తి కుంకుమ అద్దారు. గంధం ఎండి రంధ్రాలు మూసుకుపోయాక, సెన్సర్‌కు తెలిసింది డ్యాష్‌బోర్డు వెనక నిలిచిపోయిన వేడిగాలి మాత్రమే. దాంతో కారు ఇంకా కాగుతోందనుకొని, 25 పెట్టినా ఏసీ ఎముకలు కొరికేంత చలి పుట్టించేది. ఒక వర్క్‌షాపులో గ్యాస్ మార్చాలని చెప్పి డబ్బు తీసుకున్నారు, గుణం మాత్రం కనిపించలేదు. చివరికి ఒక పెద్ద వయసు మెకానిక్ టిష్యూ కాగితాన్ని గోరంత చింపి ఆ జాలీ ముందు పట్టాడు. అది కదలకుండా కింద పడింది. పాత టూత్‌బ్రష్‌తో గంధం రాల్చి మళ్లీ పట్టేసరికి కాగితం జాలీకి అతుక్కుంది. గాలి పీల్చే రకం సెన్సరైతే, ఏసీ నడుస్తుండగా ఈ పరీక్షను ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు.

డ్యాష్‌బోర్డు మీద తువ్వాలు పరిచేవారు, దేవుడి బొమ్మకు పూలదండ వేసేవారు ఎండ సెన్సర్ విషయంలోనూ అంతే జాగ్రత్త పడాలి. బొమ్మను తీసేయనక్కరలేదు, బుడిపె మీద నీడ పడకుండా జానెడు పక్కకు జరిపితే సరిపోతుంది. అది కప్పబడితే యూనిట్ మబ్బు పట్టిందనుకొని చల్లదనం తగ్గిస్తుంది.

ఇక వాడే వరుస. ఎండలో ఆగిన కారెక్కగానే అద్దాలన్నీ దించి, ఏసీ వేసి ఒకటి రెండు నిమిషాలు నడపండి. లోపలి గాలి 60 డిగ్రీలుండి బయట 44 ఉన్నప్పుడు బయటి గాలే మేలు. తర్వాత అద్దాలు మూసి, 'ఆటో' నొక్కి 24 గానీ 25 గానీ పెట్టి పది నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. ఆ తర్వాత కూడా తేడా అనిపిస్తే ఒక్కొక్క డిగ్రీ మార్చి కాసేపు ఆగి చూడాలి. ఫ్యాన్ వేగాన్ని చేత్తో మారిస్తే చాలా కార్లలో 'ఆటో' దీపం ఆరిపోతుంది. మళ్లీ నొక్కేదాకా ఆ వేగం మీ బాధ్యతే. లోపలి గాలినే తిప్పే బటన్ ఎండాకాలంలో అవసరమే గానీ, నలుగురు కూర్చుని సూర్యాపేట దాటి విజయవాడ వైపు సాగే ప్రయాణంలో అద్దాలు మూసి గంటల తరబడి అదే ఉంచితే గాలి బరువెక్కి డ్రైవరుకు మగత కమ్ముతుంది. మధ్యమధ్యలో బయటి గాలిని రానివ్వాలి.

వానాకాలంలో మన్ననూరు నుంచి దోమలపెంట మీదుగా శ్రీశైలం వెళ్లేటప్పుడు అద్దానికి లోపలివైపు ఆవిరి పడితే ఏసీ ఆపడం పొరపాటు. గాలిలోని తేమను కూలింగ్ కాయిలే పిండేస్తుంది కాబట్టి ఏసీ ఉంచి, బయటి గాలి తీసుకుంటూ, ముందు అద్దం బటన్ నొక్కి ఉష్ణోగ్రత పెంచాలి. ఆవిరి బయటివైపు పడిందంటే అద్దం మరీ చల్లబడిందని అర్థం. వైపర్ వేసి, గాలిని అద్దం మీది నుంచి మళ్లించాలి.

మిర్యాలగూడ చుట్టుపక్కల వరికోతల ధూళి, పత్తి తీసే రోజుల్లో ఎగిరే దూది ఏసీ ఫిల్టర్‌ను, కండెన్సర్ రెక్కలను త్వరగా మూసేస్తాయి. కారు పుస్తకంలో రాసిన గడువు కోసం చూడకుండా కోతలు ముగిశాక ఒకసారి ఫిల్టర్ తీసి చూడటం మంచిది. కండెన్సర్‌ను మెల్లని నీటిధారతోనే కడగాలి, ఎక్కువ ఒత్తిడికి రెక్కలు వంగిపోతాయి.

డ్యాష్‌బోర్డు లోపలి నుంచి టకటకమని చప్పుడు వస్తూ, ఒకవైపు చల్లగా మరొకవైపు వెచ్చగా గాలి వస్తుంటే ఫ్లాప్ తిప్పే మోటారు పళ్లు అరిగి ఉండవచ్చు. అప్పుడు గ్యాస్ నింపించడం దండగ. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. త్వరగా తగ్గిపోతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, కాబట్టి నింపే ముందు లీకు చూపించమని అడగండి. ఆర్-134ఏ, ఆర్-1234వైఎఫ్ గ్యాసులను కలపకూడదు. మీ కారుకు ఏది, ఎన్ని గ్రాములు కావాలో బానెట్ కింద అంటించిన చీటీ మీద ఉంటుంది, పని మొదలుపెట్టక ముందే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.