బ్రిటన్‌లో ఈవీ టారిఫ్ తీసుకుంటున్నారా? రాత్రి రేటు ఒక్కటే చూసి తొందరపడకండి

ఎలక్ట్రిక్ కారు (ఈవీ) కొనడానికి వారాల తరబడి ఆరా తీస్తారు. కరెంటు టారిఫ్, అంటే రేట్ల ప్లాన్ దగ్గరికి వచ్చేసరికి "రాత్రి యూనిట్ 8 పెన్స్" అన్న ఒక్క ముక్క చూసి సరే అనేస్తారు. తీరా మొదటి బిల్లు వచ్చాక తల పట్టుకుంటారు. కొత్తగా వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్లు ఇది ఒకసారి నిదానంగా చదవండి.

ముందు మన ఊరి అలవాటు ఒకటి వదిలించుకోవాలి. ఆంధ్రాలో, తెలంగాణలో యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు మారి రేటు ఎక్కుతుంది. ఇక్కడ స్లాబులు లేవు. 200 యూనిట్లు కాల్చినా 800 కాల్చినా యూనిట్ రేటు ఒకటే, పైన రోజుకింత అని స్టాండింగ్ చార్జ్. కాబట్టి కారు వల్ల యూనిట్లు పెరుగుతాయని బెంగ వద్దు. చూడాల్సింది ఏ గంటలో కాల్చారన్నది. ఈవీ టారిఫ్‌లో రాత్రి కొన్ని గంటలు బాగా చవక. దానికి బదులుగా మిగతా గంటల రేటు (దాన్ని పగటి రేటు అందాం) చాలాసార్లు మామూలు టారిఫ్ కంటే కొన్ని పెన్స్ ఎక్కువ ఉంటుంది. మన ఇళ్లలో పగటి వాడకం తక్కువేం కాదు: రెండు పూటలా వంట, గ్రైండరు, పైగా ఎలక్ట్రిక్ షవర్ ఉంటే అదొక్కటే 9 కిలోవాట్లు లాగుతుంది.

లెక్క ఇలా వేయండి. మామూలు రేటు 25 పెన్స్, ఈవీ టారిఫ్‌లో రాత్రి 8, పగలు 29 అనుకుందాం. మీ ఏరియా రేట్లు వేరుగా ఉంటాయి, వాటినే పెట్టుకోండి. నెలకు 800 మైళ్లు తిరిగితే, యూనిట్‌కు మూడున్నర మైళ్ల చొప్పున, చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి కారుకు దాదాపు 250 యూనిట్లు. ఇంటికి పగలు 200, రాత్రి ఫ్రిజ్ వగైరాకు 50. మామూలు టారిఫ్‌లో ఈ 500 యూనిట్లకు 125 పౌండ్లు. ఈవీ టారిఫ్‌లో రాత్రి 300 యూనిట్లకు 24, పగలు 200కు 58, మొత్తం 82. నెలకు 43 పౌండ్లు మిగిలాయి. ఈ రేట్ల మీద మొత్తం వాడకంలో ఐదో వంతైనా రాత్రి గంటల్లో పడితేనే లాభం. కారు వారానికోసారి గుడికి, సరుకులకు మాత్రమే తీస్తూ ఇంట్లో పగలంతా హీటర్ నడుస్తుంటే ఈవీ టారిఫ్ జోలికి వెళ్లకండి.

టారిఫ్‌లు ముఖ్యంగా మూడు రకాలు. చవక గంటలు రోజూ ఒకేలా ఉండేవి మొదటి రకం. రెండో రకంలో కారునో చార్జర్‌నో కరెంటు కంపెనీయే యాప్ ద్వారా నడుపుతుంది. ఆక్టోపస్ కంపెనీవాళ్ల ఇంటెలిజెంట్ ఆక్టోపస్ గో అలాంటిది, రాత్రి 11:30 నుంచి ఉదయం 5:30 దాకా ఇల్లంతటికీ చవక రేటు. వీటికి మీ కారో చార్జరో వాళ్ల జాబితాలో ఉండాలి. కారు కొన్నాక చూసుకుంటే లాభం లేదు. మూడో రకంలో ఇంటి రేటు మామూలుగానే ఉండి కారు యూనిట్లకు మాత్రం తగ్గింపు ఇస్తారు. పగటి వాడకం ఎక్కువున్న ఉమ్మడి కుటుంబాలకు ఇదే నప్పుతుంది. అరగంటకో రేటు మారే టారిఫ్‌లు కూడా ఉన్నాయి కానీ సాయంత్రం 4 నుంచి 7 దాకా వాటి రేటు మండిపోతుంది, మన వంట టైము అదే.

ఇక స్మార్ట్ మీటర్, అంటే రీడింగులు తనే కంపెనీకి పంపే మీటర్. ఏ గంటలో ఎంత కాల్చారో తెలియాలంటే అది గోడకు ఉంటే చాలదు, అరగంట అరగంటకీ రీడింగు పంపాలి. అకౌంట్‌లో అరగంటల గ్రాఫ్ కనిపిస్తోందో లేదో ముందే చూసుకోండి. బిల్లు మీ పేరున ఉంటే కంపెనీ మార్చుకునే హక్కు అద్దెకున్నవారికీ ఉంది. చార్జర్ బిగించాలంటే మాత్రం ల్యాండ్‌లార్డ్ ఒప్పుకోవాలి.

అసలు డబ్బు పోయేది టైమర్ దగ్గర. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో 2022 జూన్ 30 తర్వాత అమ్మిన ఇంటి చార్జర్లు, పని రోజుల్లో ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 వరకు ఆగేలా సెట్ అయి వస్తాయి. అది మీ టారిఫ్ గంటలు కాదు బాబూ! అలాగే వదిలేస్తే సాయంత్రం 7కు ప్లగ్ పెట్టిన కారు 10 గంటలకు చార్జింగ్ మొదలుపెడుతుంది. చవక రేటు రాత్రి 12:30 నుంచి 5:30 దాకా ఐదు గంటలు అనుకుంటే, అది మొదలయ్యేలోపే 7 కిలోవాట్ల చార్జర్ మీద 17 యూనిట్లు పగటి రేటుకు ఎక్కేస్తాయి.

అది సరిచేస్తూ కారులో ఒక టైమర్, చార్జర్‌లో ఇంకొకటి పెడతారు. రెండూ కలిసిన గంటల్లోనే కరెంటు పారుతుంది. మార్చి చివరి ఆదివారం గడియారాలు ముందుకు జరిగాక కారు టైము మారి చార్జర్ టైము మారకపోతే 5 గంటలు కాస్తా 4 అవుతాయి, 7 యూనిట్లు తగ్గుతాయి. చార్జర్ ఒక్కదాని మీదే నడుస్తుంటే చివరి గంట పగటి రేటులో పడుతుంది. కొన్ని కార్లు గంటల తరబడి కరెంటు రాకపోతే నిద్రలోకి జారి, వచ్చినా లేవవు. అందుకే టైమర్ ఒక్కచోటే పెట్టండి, రెండోదాన్ని పూర్తిగా తీసేయండి. కంపెనీ నడిపే టారిఫ్ అయితే రెండూ తీసేయాలి. చార్జర్లు 10 నిమిషాల దాకా ఆలస్యంగా కదలడం నిబంధనలో భాగమే, అందుకని చవక గంటలు అయిపోవడానికి 15 నిమిషాల ముందే చార్జింగ్ ముగిసేలా టైము పెట్టుకోండి. పొద్దున కారు వేడెక్కే సెట్టింగ్ ఉంటే దాన్నీ చవక గంటల్లోకే జరపండి. ఒక్క రాత్రి 35 యూనిట్లు తప్పు గంటల్లో పడితే 2.80 పౌండ్లు కావాల్సింది 10.15 అవుతుంది.

చార్జర్ లేకుండా మూడు పిన్నుల ప్లగ్ మీదే ఉంటే గంటకు 2.3 యూనిట్లే. 5 గంటల టారిఫ్‌లో రాత్రికి దాదాపు 36 మైళ్లు, 7 గంటలదైతే 50. అలాంటప్పుడు రేటు ఒక పెన్నీ ఎక్కువైనా గంటలు ఎక్కువున్నదే తీసుకోండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి, గంటల తరబడి 10 ఆంపియర్లు లాగితే ప్లగ్ కరగొచ్చు.

ఇన్ని చెప్పినా, ఒక నెల తప్పు టారిఫ్‌లో ఉన్నంత మాత్రాన కొంప మునగదు. కంపెనీ మారితే 14 రోజుల్లో వద్దనుకోవచ్చు, ఎగ్జిట్ ఫీజు లేని టారిఫ్‌లూ దొరుకుతాయి. మొదటి రెండు వారాలు పొద్దున్నే లేచి అరగంటల గ్రాఫ్ చూడండి, పొడుగు గీతలు చవక గంటల్లోనే ఉంటే ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు. మార్చిలో, అక్టోబరులో గడియారాలు మారిన మర్నాడు మాత్రం ఇంకోసారి చూడండి.