కారు రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదా? షెడ్డుకు వెళ్లేముందు ఇంట్లోనే ఇలా చూసుకోండి

పోయిన వేసవిలో తిరుమల కొండకు వెళ్తూ అలిపిరి చెకింగ్ దగ్గర లైన్లో ఇరుక్కున్నాం. రేణిగుంట నుంచి అక్కడి దాకా కదలకుండా మధ్యలోనే ఉన్న టెంపరేచర్ ముల్లు, పది నిమిషాలు నిలబడేసరికి ఎర్ర గీత వైపు పాకింది. ఏసీ నుంచి వేడి గాలి. దర్శనం సంగతి తర్వాత అనుకుని వెనక్కి తిరిగాం. షెడ్డులో బానెట్ సరిగ్గా ఎత్తకముందే "మోటారు పోయింది సార్, కొత్తది వేయాల్సిందే" అన్నారు. తీరా చూస్తే పోయింది మోటారు కాదు.

ముల్లు ఎప్పుడు ఎక్కుతోందో ముందు గమనించండి. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. తిరుపతి లీలామహల్ సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఎక్కి, హైవే మీదకు పోగానే దిగుతుంటే అనుమానం ఫ్యాన్ మీదే. హైవే మీద కూడా ఎక్కుతుంటే అది థర్మోస్టాటో, వాటర్ పంపో, రేడియేటర్ మూసుకుపోవడమో. ఆ కథ వేరు.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పితే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. ఇంకో సంగతి: కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. రెక్కలు ముట్టుకునే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయండి. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగినంత ఉందా, రెక్కను వేలితో తోస్తే తేలిగ్గా తిరుగుతోందా చూసి, వైరు మళ్లీ తగిలించండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ ఫుల్లుగా పెట్టండి. చాలా కార్లలో కాసేపట్లోనే ఫ్యాన్ అందుకుంటుంది. అందుకుంటే మోటారు బాగానే ఉన్నట్టు, కూలెంట్ వేడిని కనిపెట్టే సెన్సర్ వైపు చూడాలి. కొన్ని కార్లకు రెండు ఫ్యాన్లుంటాయి, రెండూ చూడండి. అసలు తిరగకపోతే బానెట్ కింద ఉన్న ఫ్యూజు బాక్సు తెరవండి. ఏ ఫ్యూజు దేనికో మూత లోపల బొమ్మ ఉంటుంది. కాలిపోయి ఉంటే అదే ఆంపియర్‌ది వేయండి. 30 ఉన్నచోట 40 వేయడం, వైరు ముక్క చుట్టడం వద్దు, మంటలు రావచ్చు. కొత్తదీ కాలితే షార్టో, మోటారు బిగుసుకోవడమో ఉన్నట్టు.

ఫ్యూజు బాగుంటే తర్వాత చూడాల్సింది రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బా. పక్కన హారన్ రిలే మీద అదే నంబరు ఉంటే ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టి చూడండి. ఫ్యాన్ తిరిగి హారన్ మూగబోయిందంటే దొంగ దొరికినట్టే. కొత్త రిలేకు పెద్ద ఖర్చు ఉండదు.

అదీ కాకపోతే మోటారుకు వెళ్లే కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) ఊడదీసి లోపలికి టార్చి వేయండి. నా బండిలో రెండు పిన్నుల్లో ఒకటి నల్లబడి, చుట్టూ ప్లాస్టిక్ బెల్లం పాకంలా కరిగి అతుక్కుపోయి ఉంది. తమాషా ఏమిటంటే కరెంటు వస్తోందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు పెడితే వెలుగుతోంది. దీపానికి కొంచెం కరెంటు చాలు, మోటారుకు పది ఆంపియర్లకు పైనే కావాలి కదా! కాబట్టి ల్యాంపు వెలిగిందని మోటారును తప్పుపట్టకండి. రెండు వైర్ల మోటారైతే మధ్యలో ఫ్యూజు పెట్టిన వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చి చూడండి, చేతులు మాత్రం దూరంగా ఉంచండి. ఎక్కువ వైర్లున్న కొత్త రకం మోటార్లకు ఈ ప్రయోగం చేయకండి. నేరుగా ఇచ్చినా కదలనిది, స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే తిరిగిందంటే లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు అరిగినట్టు. అప్పుడు మోటారు మార్చాలన్న మాట నిజమే.

ఏసీతో తిరిగి వేడికి తిరగని ఫ్యాన్ ఉంటే, కూలెంట్ సెన్సర్ కప్లర్ తీసి తాళం ఆన్ చేయండి. చాలా కార్లలో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ భయపడి ఫ్యాన్‌ను తిప్పేస్తుంది. అలా తిరిగితే అనుమానం సెన్సర్ మీదికి వెళ్తుంది. చెక్ ఇంజిన్ దీపం వెలిగితే కంగారు పడకండి.

ఇవన్నీ ఇంటి దగ్గర. ఘాట్ రోడ్డు ఎక్కుతుండగా ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టి అద్దాలు దించండి. ఇంజిన్ వేడి కొంత అటుగా బయటికి పోతుంది. ఎర్ర గీత తాకితే మాత్రం పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాల్సిందే. మే నెలలో హీటరేంటని వెనక సీట్లో పిల్లలు గోల చేస్తారు, చేయనివ్వండి.