బూట్ల సంచితో పాటు ఒక ఫైలు: తెలుగు పిల్లలు ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ కావాలంటే

ఫుట్‌బాల్‌నే బతుకుదెరువుగా పెట్టుకోవాలనుకునే పిల్లలకు రెండు కావాలి. ఒకటి బూట్ల సంచి, రెండోది కాగితాలు పెట్టుకునే మామూలు ప్లాస్టిక్ ఫైలు. సంచి మీద అందరికీ ధ్యాస ఉంటుంది. ఫైలును చాలా ఇళ్లలో ఎవరూ పట్టించుకోరు. కాళ్లలో ఆట ఉన్న పిల్లలు కూడా పుట్టిన తేదీ తేడా పడో, చదవకుండా ఒప్పందం మీద సంతకం పెట్టో, గాయం మానకముందే దిగో మధ్యలో ఆగిపోతుంటారు. ఇది పన్నెండు నుంచి ఇరవై ఏళ్ల పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం.

మొదట వయసు, పేరు

ఫైలులో మొదటి కాగితం పుట్టిన తేదీ సర్టిఫికెట్. పుట్టిన ఏడాదిలోపు నమోదైనదానికి ఉండే విలువ, ఆటలోకి వచ్చాక తెచ్చుకున్నదానికి ఉండదు. "రెండేళ్లు తగ్గించి రాయించండి, అండర్-13లో బాగా కనిపిస్తాడు" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వినకండి. యూత్ లీగుల్లో ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయసు అంచనా వేసే టీడబ్ల్యూ3 పరీక్ష ఉంటుంది. అందులో దొరికితే ఒక టోర్నీతో పోదు, పేరు పోతుంది. దొరక్కపోయినా నష్టమే. తనకంటే చిన్నపిల్లలను ఒంటి బలంతో నెట్టి గోల్స్ కొట్టడం అలవాటైన కుర్రాడికి, పద్దెనిమిదేళ్లకు అందరూ సమానమయ్యాక చేతిలో ఏ విద్యా మిగలదు.

రెండోది పేరు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, స్కూల్లో అది ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరుతో ఇంకోలా ఉంటే, అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ దగ్గర చిక్కు మొదలవుతుంది. మొదటి క్లబ్బులో నమోదుకు ముందే అన్నింటిలోనూ స్పెల్లింగ్ ఒకటి చేయించండి. రిజిస్ట్రేషన్ అయ్యాక వచ్చే ఐడీ నంబరు ఫైలులో రాసిపెట్టుకోండి. ఏ ఏడాది ఏ క్లబ్బులో ఆడారన్న చరిత్ర ఆ నంబరు కిందే ఉంటుంది. రేపు పెద్ద క్లబ్బు తీసుకుంటే, పన్నెండేళ్ల నుంచి శిక్షణ ఇచ్చిన చిన్న క్లబ్బులకు పరిహారం రావడానికి కూడా అదే ఆధారం.

దారి ఎటు

హైదరాబాద్‌కు ఈ ఆటలో పెద్ద చరిత్రే ఉంది. స్కూల్ టీచరుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు అప్పట్లో పెద్ద పోటీ అయిన రోవర్స్ కప్ ఎత్తింది. ఇవాళ ఆ వైభవం లేదు, కానీ మెట్లు ఉన్నాయి.

స్కూలు జట్టు, జిల్లా, రాష్ట్ర సబ్-జూనియర్, జూనియర్ జట్లు ఒక వరస. స్కూళ్లకు సుబ్రతో కప్, స్కూల్ గేమ్స్ ఇంకో వరస. క్లబ్ అకాడమీలు, వాటితో యూత్ లీగులు మూడోది. అసలు దారి ఇదే, ఎందుకంటే వారం వారం మ్యాచ్ దొరికేది ఇక్కడే. ఏడాదికి ఒక టోర్నీలో నాలుగు మ్యాచ్‌లు ఆడే రాష్ట్ర జట్టు ఆటగాడి కంటే, చిన్న క్లబ్బులో పాతిక మ్యాచ్‌లు ఆడినవాడే ముందుకెళ్తాడు. అజీజ్‌నగర్‌లోని శ్రీనిధి దక్కన్, దేశంలో రెండో శ్రేణి లీగ్ అయిన ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రెండో స్థానంలో నిలిచిన క్లబ్బు. సీమ పిల్లలకు అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల మైదానాలు ఉన్నాయి. ఆడపిల్లలకు దారి ఇరుకే, కానీ మూసుకుపోలేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడింది.

అకాడమీ చూడ్డానికి వెళ్తే మైదానం పచ్చదనం కాదు, మూడు సంగతులు అడగండి. ఈ వయసు వాళ్లకు పోయిన ఏడాది ఎన్ని అధికారిక మ్యాచ్‌లు ఆడించారు? కోచ్ దగ్గర ఏ లైసెన్స్ ఉంది? గాయమైతే ఎవరు చూస్తారు? జవాబు సూటిగా రాకపోతే ఫీజు కట్టకండి.

గోడ, బంతి, ఎడమ కాలు

రహీం గారు డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టించేవారు. ఇప్పటికీ ఇంతకు మించిన సాధన లేదు, దీనికి ఖర్చూ లేదు.

గోడకు 5 మీటర్ల దూరంలో నిలబడండి. గోడ మీద మోకాలి ఎత్తులో సుద్దతో గీత గీయండి. కొట్టిన బంతి గీత దాటి పైకి పోకూడదు. అలవాటైన కాలితో 100, రెండో కాలితో 200. వారం తర్వాత తమ్ముణ్నో చెల్లెల్నో వెనక నిలబెట్టండి. బంతి గోడ నుంచి తిరిగి వచ్చేలోపు వాళ్లు వేళ్లు చూపించాలి, మీరు భుజం మీదుగా వెనక్కి చూసి ఎన్ని వేళ్లో చెప్పి, అప్పుడు బంతిని ఆపాలి. మొదటి రోజు బంతి కాళ్ల కింద నుంచి పోతుంది. పోనివ్వండి. మ్యాచ్‌లో బంతి రాకముందే చుట్టూ ఎవరున్నారో తెలిసినవాడికి ఒక సెకను ఎక్కువ దొరుకుతుంది, ఆ సెకనే కావాలి.

పాస్ ఎగిరిపోతోందంటే చీలమండ వదులుగా ఉందని అర్థం. బొటనవేలు పైకెత్తి పాదాన్ని బిగించండి. తిరగలేకపోతున్నారంటే గోడకు పూర్తిగా ఎదురుగా నిలబడ్డారని. సగం పక్కకు తిరిగి, గోడకు దూరంగా ఉన్న కాలితో బంతి అందుకోండి. పన్నెండేళ్లు దాటితే 5వ నంబరు బంతి వాడండి (బరువు 410 నుంచి 450 గ్రాములు). మన ఎర్రమట్టి గ్రౌండ్లలో దానికి మరీ గట్టిగా గాలి కొడితే, ఎగిరే బంతిని ఆపడం తప్ప ఇంకేం నేర్చుకోలేరు.

బూట్ల విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. టీవీలో చూసి అడుగున పొడుగాటి బ్లేడు స్టడ్లు (గుబ్బలు) ఉన్నవి కొంటారు. అవి మెత్తటి గడ్డి కోసం చేసినవి. గట్టి నేలలో అవి దిగవు, ఒంటి బరువంతా నాలుగైదు చుక్కల మీద పడి మడమ నొప్పి వస్తుంది, తిరిగేటప్పుడు మోకాలు మెలితిరిగే ప్రమాదం ఉంటుంది. మట్టికి చిన్న రబ్బరు గుబ్బలుండే టర్ఫ్ బూట్లు, కృత్రిమ గడ్డికి ఏజీ అడుగున్నవి తీసుకోండి. సాయంత్రం పూట, మ్యాచ్ సాక్స్ వేసుకుని కొలత చూడండి. వేళ్ల ముందు అర సెంటీమీటరు చాలు. "పెరిగే కాలు కదా" అని రెండు సైజులు పెద్దవి కొంటే బొబ్బలు, గోళ్లు నల్లబడటం ఖాయం.

ఒళ్లు

ప్రతి ప్రాక్టీసుకు ముందు ఫిఫా 11+ వార్మప్ చేయండి. మూడు భాగాలు, 15 వ్యాయామాలు, 20 నిమిషాలు: పరుగుతో 8, బలం, నిలకడ, గెంతులతో 10, వేగంతో 2. వారానికి కనీసం రెండుసార్లు శ్రద్ధగా చేసే జట్లలో గాయాలు బాగా తగ్గుతాయని తేలింది. తొడ వెనక కండరానికి నార్డిక్ వ్యాయామం ఇందులో ముఖ్యమైనది. మోకాళ్ల మీద కూర్చుంటే స్నేహితుడు చీలమండలు పట్టుకోవాలి, నడుము వంచకుండా ఒంటిని మెల్లగా ముందుకు వాల్చాలి. మొదట 5 సార్లు చాలు. రెండు రోజులు నొప్పి ఉంటుంది కాబట్టి మ్యాచ్ ముందు రోజు వద్దు.

ట్రయల్స్‌లో యో-యో పరీక్ష పెడితే బీప్ శబ్దాలకు తగ్గట్టు 20 మీటర్లు వెళ్లి 20 మీటర్లు వెనక్కి రావాలి, ప్రతి విడతకూ మధ్య 10 సెకన్ల విరామం. ఓడిపోయేవాళ్లు ఎక్కువగా మొదటి విడతల్లోనే ఓడిపోతారు, బీప్ కంటే ముందే చేరి నిలబడి ఊపిరి వృథా చేసుకుంటారు. బీప్‌తో పాటే గీత తొక్కండి. ఒకసారి కుడి కాలి మీద, ఒకసారి ఎడమ కాలి మీద తిరగండి, లేకపోతే ఒకే తొడ అలసిపోతుంది.

వారంలో శిక్షణ గంటలు పిల్లల వయసు అంకె దాటకుండా చూడటం మంచి కొలత. పద్నాలుగేళ్లవాడికి, స్కూలు పీఈటీ పీరియడ్‌తో కలిపి, 14 గంటలు. ఒక రోజు పూర్తి విశ్రాంతి.

తిండికి విదేశీ డబ్బాలు అక్కర్లేదు. 60 కిలోల కుర్రాడికి రోజుకు సుమారు 100 గ్రాముల ప్రొటీన్ కావాలి. నాలుగు గుడ్లలో 24, అర లీటరు పాలలో 16, రెండు గిన్నెల పప్పులో 16 నుంచి 18, 150 గ్రాముల చికెన్‌లో 35 నుంచి 40, గుప్పెడు పల్లీల్లో 7 దాకా ఉంటాయి. మాంసం తినని ఇంట్లో 50 గ్రాముల మీల్‌మేకర్ పాతిక గ్రాములు ఇస్తుంది. మ్యాచ్ సాయంత్రం 4 గంటలకైతే 12.30కల్లా అన్నం, పలచటి పప్పు, పెరుగుతో భోజనం అయిపోవాలి. బిర్యానీ వద్దు, నూనె అరగదు. గంట ముందు ఒక అరటిపండు. ఆటకు ముందు, తర్వాత బరువు చూసుకుని, తగ్గిన ప్రతి కిలోకూ లీటరున్నర వరకు ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో కొద్దికొద్దిగా తాగాలి. ఆడపిల్లలు ఏడాదికోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) చూపించుకోవాలి. అన్నం తినగానే టీ తాగితే ఇనుము ఒంటికి పట్టదు.

మోకాలిలో ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగి ఆపరేషన్ అయితే 9 నెలల లోపు మైదానంలోకి దిగకూడదు. నొప్పి లేదు కదా అని ఐదో నెలలోనే దిగినవాళ్లలో మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ. ఎంఆర్ఐ ఫిల్ములు, డిశ్చార్జ్ సమ్మరీ ఫైలులోకే.

ట్రయల్ రోజు

వందమంది వస్తారు, మీకు ఇరవై నిమిషాలు ఆట దొరకొచ్చు. కోచ్‌లు నలుగురిని దాటించే విన్యాసం కోసం చూడరు. మొదటి టచ్ ఎటు పోయింది, బంతి పోయిన మరుక్షణం ఏం చేశాడు, తన పొరపాటుకు తోటివాడిని తిట్టాడా, ఇవి చూస్తారు. మొదటి ఐదు నిమిషాలు ఒకటి రెండు టచ్‌లలోనే ఆడండి. గట్టిగా పిలవండి, మాట్లాడండి. మీ అసలు స్థానమే అడగండి, ఎక్కడైనా ఆడతానంటే ఎక్కడా గుర్తుండరు. ఎంపిక కాకపోతే కోచ్ దగ్గరికి వెళ్లి "సర్, ఏది మెరుగుపరచుకోవాలి?" అని ఒక్క ప్రశ్న అడిగి, చెప్పింది రాసుకోండి.

విదేశీ అకాడమీలో సీటు అని లక్షలు అడిగేవాళ్ల దగ్గర ఒక నియమం గుర్తుంచుకోండి. పద్దెనిమిదేళ్ల లోపు ఆటగాళ్ల అంతర్జాతీయ బదిలీని, కొన్ని మినహాయింపులు తప్ప, ఫిఫా నిషేధించింది. ఏజెంటుకు ఫిఫా లైసెన్స్ ఉండాలి. ఆ పేరు ఫిఫా వెబ్‌సైట్ జాబితాలో వెతకండి. దొరక్కపోతే మాటలు అక్కడితో ఆపండి.

సంతకం

మొదటి ఒప్పందం ఇంటికి తెచ్చుకుని, లాయరుకు చూపించాకే సంతకం పెట్టండి. ఫిఫా నియమాల ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ల ఒప్పందం మూడేళ్లు మించకూడదు, పెద్దవాళ్లకు ఐదేళ్లు. జీతం ఏడాదికి పది నెలలా పన్నెండా? గాయంతో కూర్చున్న నెలల్లో ఇస్తారా? ఆపరేషన్ ఖర్చెవరిది, బీమా ఎంత? క్లబ్బు మధ్యలో తీసేస్తే ఏమిస్తారు? ఇవన్నీ నోటి మాటలో కాదు, కాగితం మీద ఉండాలి. ప్రతి పేజీ మీద ఇరుపక్షాల సంతకాలున్న ఒక ప్రతి మీ ఫైలులో ఉండాలి.

రెండు నెలల జీతం ఆగితే, రాతపూర్వకంగా నోటీసిచ్చి కనీసం 15 రోజులు గడువు పెట్టి, అప్పటికీ రాకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉంది. ఫోన్‌లో బతిమాలితే అది నోటీసు కాదు, ఈమెయిల్ పంపండి. 2006లో ఏర్పడిన భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం ఇలాంటి వాటిలో సాయం చేస్తుంది.

ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో లేకుండా బైక్ కొనకండి. 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. ఆ ఏడాదే వాణిజ్య ఒప్పందం తేలక లీగ్ మొత్తం సమయానికి మొదలుకాలేదు. ఆటగాడి తప్పేమీ లేకుండానే నెలలు ఖాళీగా గడుస్తాయి.

జలుబు మాత్ర వేసుకున్నా ముందు నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల మందుల యాప్‌లో చూడండి. జిమ్ దగ్గర అమ్మే పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే, తెలియక తాగానన్నా బాధ్యత మీదే. నిషేధం నాలుగేళ్ల దాకా ఉండొచ్చు.

బెంచి మీద, ఆట తర్వాత

జట్టులో పేరు లేని వారాలు వస్తాయి. అప్పుడు చేయాల్సింది, మ్యాచ్ మర్నాడు ఆడినవాళ్లు విశ్రాంతి తీసుకుంటుంటే మీరు వేగంగా పరుగులు పూర్తి చేయడం. లేకపోతే అవకాశం వచ్చిన రోజు 60వ నిమిషంలో పిక్కలు పట్టేస్తాయి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం రెండు వారాలు దాటితే డాక్టరుకు చెప్పండి, అది పిరికితనం కాదు. మ్యాచ్ రాత్రి ఫోన్‌లో కామెంట్లు చదవకండి.

అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1962 స్వర్ణ జట్టులో ఆడి, అనారోగ్యంతో 27 ఏళ్లకే ఆట ఆపాల్సి వచ్చింది. ఆయనకు రైల్వే ఉద్యోగం ఉంది. ఆ తరం వాళ్లను నిలబెట్టింది అదే. ఇప్పుడు క్లబ్ ఒప్పందాల్లో ఉద్యోగం ఉండదు కాబట్టి డిగ్రీ మీరే చదువుకోవాలి, దూరవిద్య అయినా సరే. ఆడుతూనే ఫెడరేషన్ డి-లైసెన్స్ కోచింగ్ కోర్సు చేయండి. దాని తర్వాత సి, బి, ఎ మెట్లు ఉంటాయి. పిల్లలకు నేర్పితే మీ ఆటలో లోపాలు మీకే కనిపిస్తాయి.

స్పోర్ట్స్ కోటా మాత్రం అప్పటికప్పుడు అందుకునేది కాదు, పదిహేనేళ్ల వయసు నుంచే కాగితం దాచుకోవాలి. కేంద్ర ఉద్యోగాలకు దేశం తరఫున ఆడినవాళ్లకు ఫారం-1, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడితే ఫారం-2, అంతర విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం-3, జాతీయ స్కూల్ గేమ్స్‌కు ఫారం-4. టోర్నీలో ఇచ్చే రంగుల సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. ఫారం-2 మీద సమాఖ్య లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం, ముద్ర ఉండాలి. ఫారం-3 మీద యూనివర్సిటీ క్రీడల డైరెక్టరు సంతకం చేయాలి. టోర్నీ నుంచి వచ్చిన నెలలోపే అడిగి తీసుకోండి. ఐదేళ్ల తర్వాత వెళ్తే కార్యదర్శి మారిపోయి ఉంటారు, ఆ ఏటి జట్టు జాబితా బీరువాలో దొరకదు. అందుకున్నాక అక్కడే నిలబడి పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిచూసుకోండి. తప్పుంటే ఆ కుర్చీ ముందు నుంచి కదలకముందే దిద్దించుకుని, రెండు జిరాక్సులు తీసి ఫైలులో పెట్టండి.